అరవై నాలుగు అడుగుల మీద ఐదు వికెట్లు

ఇది ఒక మహావీరుడి గాథ. సముద్రాలు దాటి వచ్చి, పరాయి నేల మీద, ఎదురుగాలికి వెరవకుండా, ఒంటి చేత్తో సైన్యాలను కూల్చినవాడి గాథ. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకుంది.

లేదు. అంత లేదు. కెనడాలోని రెజైనా లీగ్‌లో, రెండో డివిజన్‌లో, చాలాకాలంగా ఐదో స్థానాన్ని నమ్ముకున్న ఒక క్రికెట్ టీములో ఆడిన ఇంగ్లండు మనిషి గురించి ఇది. సముద్రం దాటింది విమానంలో, మధ్య సీట్లో. ఎదురుగాలి నిజమే, రెజైనాలో గాలి ఎప్పుడూ ఎదురే ఉంటుంది. ఒంటి చేయి కూడా నిజమే. రెండో చేయి ఎక్కువగా మోకాలి మీద ఉండేది.

మేము ఆయన్ని దొర అనేవాళ్లం. ఆ మాటకు అర్థమేమిటని మొదటి సీజన్‌లో అడిగాడు. చెప్పాం. ఒక వారం ఇబ్బందిపడ్డాడు. తర్వాతి శనివారం బరువులు మోయడానికి అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

దొర ఆల్‌రౌండర్. అంటే బ్యాటింగూ బౌలింగూ రెండూ వచ్చినవాడు. రెండూ రానివాణ్ని బయట ఏమంటారో తెలియదు గానీ మా టీములో మ్యాట్ ఇన్‌చార్జ్ అంటారు. అది నేను.

ఆయన కెరీర్ గురించి ఆయన చెప్పగా విన్నది ఇంతే. ఇంగ్లండులో యూనివర్సిటీలో ఉండగా మూడేళ్లు రెండో జట్టుకు ఆడాడు. మొదటి జట్టు నుంచి ఒకే ఒకసారి పిలుపు వచ్చింది. ఆ రోజు వాన. టాస్ వేశారు, టీ తాగారు, ఇళ్లకు వెళ్లారు. దొర లెక్కలో అది మొదటి జట్టుకు ఆడటమే. తర్వాత కొన్నేళ్లు ఊరి క్లబ్బుకు ఆడాడు. ఆ గ్రౌండు పబ్బు వెనక ఉండేదట. బౌండరీ దగ్గర నిలబడితే ఆ రోజు వంటేమిటో వాసనను బట్టి చెప్పొచ్చట. ఆ తర్వాత గోధుమకు పట్టే తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేయడానికి రెజైనా వచ్చి, మా యూనివర్సిటీ క్రికెట్ టీములో చేరాడు. ఇరవై మంది కుర్రాళ్లం, సగం మంది తెలుగువాళ్లం, మధ్యలో ఈయన.

పార్కులో కుక్కల్ని తిప్పుకునేవాళ్లు ఆగి, ఈ ఆటేమిటని మమ్మల్ని అడిగేవాళ్లు. ఆయన్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఒకావిడ అయితే ఆయన దగ్గరికి వెళ్లి, "వీళ్లు మీకు బాగా నేర్పిస్తున్నారా?" అంది. దొర చాలా వినయంగా, "ఓపిగ్గా నేర్పిస్తున్నారండీ" అన్నాడు. ఆయన ఇంగ్లీషులోనే అన్నాడు. నాకు తెలుగులో వినపడింది, అలాగే రాస్తున్నాను.

చదువులు అయిపోయాక కూడా ఎవరం ఊరు వదల్లేదు. ఉద్యోగాలు వచ్చినవాళ్లు, వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూసేవాళ్లు, అందరం కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. దొర కెప్టెన్. నాకు మళ్లీ మ్యాట్. మొదటి మీటింగులో నోరు జారి సివిల్ ఇంజనీరింగ్ చదివానని చెప్పడం నేను చేసిన తప్పు.

దొరకు జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒకే మ్యాచ్‌లో యాభై పరుగులు చేసి, ఐదు వికెట్లు తీయాలి. ఆల్‌రౌండర్ అన్నవాడు అది ఒక్కసారైనా చేయకపోతే, రెండు పనులు సగం సగం చేసేవాడి కిందే లెక్క అనేవాడు. ఊరి క్లబ్బులో ఒకసారి ఐదు వికెట్లు తీసి, నలభై తొమ్మిది దగ్గర రనౌట్ అయ్యాడు. ఆ రనౌట్‌కు కారణమైన పార్ట్‌నర్ తర్వాత దొర చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికి వెళ్లానని దొర చెప్పాడు. మాట్లాడానని చెప్పలేదు.

రెండోసారి రెజైనాలోనే. అరవై చిల్లర కొట్టి, నాలుగు వికెట్లు తీశాడు. ఐదోది నేరుగా నా చేతుల్లోకి వచ్చింది. వచ్చి, చూసి, వెళ్లిపోయింది. దొర చప్పట్లు కొట్టి, "పరవాలేదు, మంచి ప్రయత్నం" అన్నాడు. నేను ప్రయత్నం చేయలేదని ఇద్దరికీ తెలుసు. బంతి నా దగ్గరికి వచ్చింది, నేను అక్కడ ఉన్నాను, అంతవరకే నా పాత్ర.

ఇప్పుడు మోకాలి విషయం. పోయిన వేసవిలో ఫిజియో ఆయన మోకాలిని అటూ ఇటూ వంచి, ఈ సీజన్ తర్వాత బౌలింగ్ మానేయమంది. బ్యాటింగ్ కావాలంటే చేసుకోవచ్చట. అంటే సెప్టెంబరు మొదటి శనివారం ఆడబోయే చివరి మ్యాచ్‌తో దొర ఆల్‌రౌండర్‌గా రిటైర్ అవుతాడు. ఆ కోరిక తీరితే ఆ రోజు తీరాలి, లేకపోతే లేదు. ఆయన ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. మా స్కోరర్ అంకుల్‌తో మాత్రం అన్నాడు. అంకుల్ రిటైరైన లెక్కల ప్రొఫెసర్, కోస్తా ఆయన. ఫోల్డింగ్ కుర్చీ, మూడు పెన్సిళ్లు, ఒక స్కేలు తెచ్చుకుని స్కోరు పుస్తకం రాస్తారు. ఆయనకు చెబితే అందరికీ చెప్పినట్టే.

మా గ్రౌండులో పిచ్ అంటే గట్టిగా చదును చేసిన మట్టి. దాని మీద నార మ్యాట్ పరిచి, చుట్టూ మేకులు కొట్టి, రెండు వైపులా వికెట్లు పాతాలి. రెండు వికెట్ల మధ్య దూరం ఇరవై రెండు గజాలు, అంటే అరవై ఆరు అడుగులు. దాన్ని కొలవడానికి మాకు టేపు లేదు. మాకంటే ముందు బ్యాచ్ వాళ్లు ఒక నీలం నైలాన్ తాడును సరిగ్గా ఆ కొలతకు కోసి, రెండు చివరలా ఉచ్చులు కట్టి, వాటికి నల్ల టేపు చుట్టి మాకు ఇచ్చిపోయారు. ఈ ఉచ్చులో ఒక మేకు, ఆ ఉచ్చులో ఒక మేకు, తాడు బిగుతుగా లాగితే పిచ్ సిద్ధం. నేను ఇన్‌చార్జ్ కాబట్టి తాడు నా గదిలో ఉండేది.

ఆగస్టు చివర్లో నేనూ నా రూమ్మేటూ ఇల్లు మారాం. రూమ్మేట్‌ది కరీంనగర్, మా టీము వికెట్‌కీపర్. మా సామానులో పెద్దది పరుపు, మా దగ్గరున్నది చిన్న కారు. పరుపును కారు పైన పెట్టి, కిటికీల్లోంచి తాడు తిప్పి కట్టాం. కట్టాక అర్థమైంది, తలుపులు తెరుచుకోవు. కిటికీల్లోంచి దూరి కూర్చుని, ఇరవై కిలోమీటర్ల వేగంతో కొత్త ఇంటికి చేరాం. అక్కడ ముడి ఊడి రాలేదు. గోళ్లతో, పళ్లతో, స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించి, చివరికి నేను కూరగాయల కత్తితో కోసేశాను. ముడితో పాటు పాత ఉచ్చు ఉన్న ముక్క చెత్తబుట్టలోకి వెళ్లింది. మిగిలిన తాడుకు రూమ్మేట్ కొత్త ఉచ్చు కట్టాడు.

"సూడు, పాతదాని కన్నా నీట్‌గ ఉన్నది" అన్నాడు.

నిజంగానే నీట్‌గా ఉంది. ఇద్దరం ఇంజనీర్లం. ఇద్దరికీ ఏమీ తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం పన్నెండుకు మ్యాచ్. ఎదుటి టీము కెప్టెన్ వాంకూవర్ పక్కన సర్రీలో పెరిగిన పంజాబీ. ఇక్కడ ఇళ్లకు చెక్క చట్రాలు కట్టే కాంట్రాక్టర్, లీగ్‌లో మంచి బ్యాట్స్‌మన్. టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. దొర కొత్త బంతి పట్టుకున్నాడు.

ఆ తర్వాత గంటసేపు జరిగింది మేమెవరం నమ్మలేకపోయాం. దొర వేసిన ప్రతి బంతీ బ్యాట్స్‌మన్ బ్యాటు దించేలోపే వెళ్లిపోతోంది. మొదటి వాడు మొదటి బంతికే బౌల్డ్. కెప్టెన్ మిడిల్ వికెట్ ఎగిరింది. ఒకడు బంతి కీపర్ చేతిలో పడ్డాక షాట్ కొట్టాడు. రూమ్మేట్ వికెట్ల వెనక నుంచి, "దొర ఇయ్యాల ఏం తిని వచ్చిండ్రా?" అని అరిచాడు. దొరకు ఐదు వికెట్లు. వాళ్లంతా కలిసి తొంభై కూడా చేయలేదు.

బ్రేక్‌లో దొర ముఖం చూడాల్సింది. అంకుల్ వాళ్లింటి నుంచి పులిహోర వచ్చింది. దొర స్పూనుతో తింటూ, ఎండుమిరపకాయల్ని ప్లేటు అంచున వరసగా పేర్చుకుంటూ, తన కుడిచేతిని కొత్తగా కొన్న వస్తువులా చూసుకున్నాడు.

"పదేళ్ల కింద ఇలా వేసేవాణ్ని. మోకాలు పోతోంది గానీ చేయి వెనక్కి వచ్చింది" అన్నాడు.

"ఇక యాభయ్యే నాయనా" అన్నారు అంకుల్. "నేను పెన్సిల్ చెక్కి పెట్టుకున్నా."

అప్పుడు గాలికి మా టెంటు ఒక మూల లేచింది. ఏదైనా తాడుంటే తెమ్మన్నారు అంకుల్. నేను మ్యాట్ పెట్టెలోంచి నీలం తాడు తీశాను. ఒక ఉచ్చుకు నల్ల టేపు ఉంది. రెండోదానికి లేదు. రెండోది చాలా నీట్‌గా ఉంది.

సినిమాల్లో ఇలాంటప్పుడు ఉరుము ఉరుముతుంది. అక్కడ మాత్రం ఎవరో నన్ను పెరుగు ప్యాకెట్ అందించమన్నారు. అందించాను. తర్వాత రూమ్మేట్‌ను పక్కకు లాక్కెళ్లి తాడు చూపించాను. వాడు అర నిమిషం చూశాడు.

"మనం కోసిన ముక్క ఎంతుంటది?"

"రెండడుగులు ఉంటుందేమో రా."

"అంటే పిచ్ రెండడుగులు పొట్టిదా?"

"అంతే కదా మరి."

వాడు దొర వైపు చూశాడు. దొర ప్యాడ్లు కట్టుకుంటూ ఈల వేస్తున్నాడు.

"ఎవ్వలికీ చెప్పకు. ఇప్పుడు మనం గూడ అదే పిచ్ మీద ఆడతం కదా. ఇద్దరికీ ఒక్కటే కొలత. అన్యాయం ఏడుంది? ఆయనకు ఇదే ఆఖరి మ్యాచ్ రా. కిందటేడు నువ్వు క్యాచ్ ఇడిశిపెడితివి. ఇప్పుడు ఇది గూడ నువ్వే చెడగొడ్తవా?"

వాడి వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను చెప్పాలనుకున్నది నిజాయితీ పొంగి కాదు. దొర ఇక జీవితాంతం ఈ ఐదు వికెట్ల గురించి చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ నేను పక్కనే ఉంటాను, అవునవునని తల ఊపాలి. అంత నటన నా వల్ల కాదు. కాలేజీ నాటకంలో నాకు ద్వారపాలకుడి వేషం ఇచ్చి, రెండో రోజు అది కూడా తీసేశారు.

దొర దగ్గరికి వెళ్లి తాడు చూపించి మొత్తం చెప్పాను. పరుపు, కత్తి, ఉచ్చు. ఆయన అంతా విన్నాక తాడు చివర పట్టుకుని చూసి, "ఎంత తక్కువ?" అన్నాడు.

"రెండడుగులు."

పక్కనున్న ప్లేటు అందుకుని ఇంకో స్పూను పులిహోర తిన్నాడు. నమిలి మింగాడు.

"అందుకా" అన్నాడు. ప్లేటు కింద పెట్టి, "నేను నా చెయ్యనుకున్నాను" అన్నాడు.

నేను తాడును చుట్ట చుట్టి, మళ్లీ విప్పాను.

"ఏం చేద్దాం?" అన్నాను.

"నువ్వు వెళ్లి వాళ్ల కెప్టెన్‌కు చెప్పు. మ్యాట్ ఇన్‌చార్జ్ నువ్వు కదా." ఒక ప్యాడ్ విప్పడం మొదలుపెట్టాడు. "అరవై నాలుగు అడుగుల మీద తీసినవి ఐదు వికెట్లు కావు. బెదిరించడం."

పంజాబీ కెప్టెన్ తన టీము మధ్యలో దిగులుగా సమోసా తింటున్నాడు.

"పాజీ, ఒక చిన్న విషయం."

"ఎంత చిన్నది?"

"రెండడుగులు."

ఆయన ట్రక్కులోంచి వంద అడుగుల స్టీలు టేపు తెచ్చాడు. అంత టేపు ఉన్నవాడు పక్కనే ఉండగా మేము తాడుతో కొలిచామన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసింది. కొలిచారు. అరవై నాలుగు. వాళ్ల టీములో పండగ మొదలైంది. దొర అవుట్ చేసిన ఐదుగురూ ఒక్కసారిగా మళ్లీ బ్యాట్స్‌మన్లయ్యారు. మొదటి బంతికే బౌల్డ్ అయినవాడు పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. "చెప్పానా! నేను లేటు కాదు, బంతే తొందరగా వచ్చింది!" అని వాళ్లావిడకు వీడియో కాల్ చేసి నన్ను చూపించాడు. నేను చేయి ఊపాను.

ఇద్దరు కెప్టెన్లూ మాట్లాడుకుని, జరిగిన ఇన్నింగ్స్ రద్దు చేసి, మ్యాట్ మళ్లీ పరిచి, చెరో ఇరవై ఓవర్లతో మొదటి నుంచి ఆడాలనుకున్నారు. లీగ్ రూలు ప్రకారం ఇరవై ఓవర్లకు తగ్గితే ఫలితం ఉండదు. ఒక బౌలర్‌కు నాలుగు ఓవర్లే. నాలుగు ఓవర్లలో ఐదు వికెట్లు తీయాలంటే ఏం కావాలో దొరకు తెలుసు. అది తన దగ్గర లేదని కూడా తెలుసు.

"పేజీ చింపెయ్యమంటారా అంకుల్?" అన్నాడు మావాడొకడు.

"చింపడమేమిటయ్యా! జరిగింది జరిగినట్టే ఉంటుంది. చెల్లదు, అంతే" అని అంకుల్ స్కేలు పెట్టి, ఆ పేజీ మీద మూల నుంచి మూలకు ఒక గీత గీశారు. చాలా తిన్నగా గీశారు.

నేను మేకులు పీకి, కెప్టెన్ టేపుతోనే కొలిచి, మ్యాట్ మళ్లీ పరిచాను. మూడుసార్లు కొలిచాను. కెప్టెన్ నాలుగోసారి కొలిచాడు. అతనికి నా మీద నమ్మకం లేదు. నాకూ లేదు.

మళ్లీ ఆట. ఈసారి వాళ్లు దొరను చితక్కొట్టారు. మొదటి ఓవర్లో మూడు ఫోర్లు. ఆయన ఒక్కో బంతికీ పరుగు మొదలుపెట్టే చోటికి కుంటుకుంటూ నడిచి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ పరుగెత్తాడు. రెండో ఓవర్లో ఒకడు బంతిని గాల్లోకి లేపాడు. ఇక్కడ క్యాచ్ నా దగ్గరికి రావాలి, నేను పట్టాలి, అందరూ కళ్లు తుడుచుకోవాలి. రాలేదు. రూమ్మేట్ దగ్గరికి వెళ్లింది. వాడు కళ్లు మూసుకుని పట్టాడు. ఆ తర్వాతి ఓవర్లో ఇంకొకటి. రెండు వికెట్లు.

నాలుగో ఓవర్ వచ్చేసరికి కెప్టెన్ ముప్పై దాటి ఆడుతున్నాడు. దొరను చూసి నవ్వి, "ఇప్పుడు బాగా కనిపిస్తోంది బ్రదర్" అన్నాడు. దొర కూడా నవ్వాడు. తర్వాతి బంతి బయట పడి లోపలికి తిరిగింది. మధ్యాహ్నం వేసిన బంతే. కెప్టెన్ బ్యాటు దించాడు. మిడిల్ వికెట్ మధ్యాహ్నం పడిన చోటే పడింది.

కెప్టెన్ వికెట్‌ను చూశాడు. మ్యాట్‌ను చూశాడు. దొరను చూశాడు. ఒక చేయి పైకెత్తి వాళ్లవాళ్లతో అన్నాడు.

"టేపు."

ఆట ఆగింది. ఇద్దరు టేపు పట్టుకొచ్చి, ఇటొకడు అటొకడు మోకాళ్ల మీద కూర్చుని కొలిచారు. ఇరవై రెండు మందీ ఊపిరి బిగబట్టారు. నేనైతే రెండు ఊపిరులు బిగబట్టాను, ఒకటి ఆయన బంతికి, ఒకటి నా మ్యాట్‌కు.

"అరవై ఆరు" అన్నాడు ఆ చివర ఉన్నవాడు. "కరెక్టుగా."

"మళ్ల కొలువు పాజీ! చాయ్ తాగి కొలువు! తొందరేం లేదు!" అని రూమ్మేట్ వికెట్ల వెనక ఎగిరాడు.

కెప్టెన్ చేతి తొడుగు తీసి దొరకు చేయి ఇచ్చాడు. "బాగా కనిపించింది, అయినా పోయింది" అని చెప్పి వెళ్లాడు.

నాకు గర్వం అలవాటు లేదు. మా ఇంట్లో ఎవరికైనా మంచి మార్కులొస్తే, పేపరు తేలిగ్గా ఇచ్చారని అనుకునేవాళ్లం. అయినా ఆ నిమిషంలో, పడిన వికెట్ మళ్లీ పాతడానికి పిచ్ పక్కన సుత్తి పట్టుకుని నిలబడి, నాకు ఛాతీ కొంచెం పెద్దదైంది. అరవై నాలుగు అడుగుల మీద ఐదుగురిని తీసినవాళ్లు ఉంటే ఉంటారు. అది వద్దని, కుంటుకుంటూ వచ్చి, అరవై ఆరు మీద అదే బంతితో అదే మనిషిని తీసినవాణ్ని మాత్రం ఒక్కణ్నే చూశాను. మాకంటే బాగా ఆడేవాళ్లు ఆ లీగ్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరి వికెట్‌నూ రెండోసారి టేపు పెట్టి కొలవలేదు.

మూడు వికెట్లు. ఐదు కాదు. ఓవర్ అయ్యాక దొర బంతిని రూమ్మేట్ చేతిలో పెట్టి, బౌండరీ దగ్గర గడ్డి మీద కూర్చున్నాడు. నేను నీళ్ల సీసా తీసుకెళ్లాను.

"ఇప్పుడు వేసింది నా చెయ్యే కదా?" అన్నాడు.

"మీ చెయ్యే. టేపు కూడా ఒప్పుకుంది" అన్నాను.

తల ఊపి నీళ్లు తాగాడు.

తర్వాత ఆయన బ్యాటింగ్‌కు దిగాడు. మోకాలు వంగడం లేదు కాబట్టి నిలువుగా నిలబడే కొట్టాడు. పరుగు తీయాల్సిన చోట నడిచాడు, నడవాల్సిన చోట ఆగాడు. పద్దెనిమిది ఓవర్లు పూర్తయ్యేసరికి నలభై నాలుగు నాటౌట్. గెలవడానికి మాకు ఇంకా తొమ్మిది పరుగులు కావాలి. ఆయన యాభైకి ఆరు కావాలి. రెండు ఓవర్లు మిగిలాయి. అంకుల్ కుర్చీలోంచి లేచి నిలబడి స్కోరు రాస్తున్నారు. కెప్టెన్ ఫీల్డర్లను దగ్గరికి పిలుస్తున్నాడు. దొర గ్లవ్స్ బిగించుకుని, బ్యాటును మ్యాట్ మీద రెండుసార్లు తట్టి, తల ఎత్తాడు.

ఆయన చూపు బౌలర్‌ను దాటి బౌండరీ మీదకు వెళ్లింది. అక్కడ ఒకే రంగు టీషర్టుల్లో పన్నెండు మంది, చేతులకు పెద్ద పెద్ద తోలు గ్లవ్స్‌తో నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన చాలా మర్యాదగా తన చేతి గడియారం చూపించాడు.

ఇరవై ఓవర్లు పడలేదు కాబట్టి ఫలితం లేదు, చెరో పాయింటు. మేము ఐదో స్థానంలోనే ఉన్నాం. ఆ గ్రౌండులో శనివారాలు క్రికెట్ బుకింగ్ సాయంత్రం ఆరింటి వరకే, ఆరు నుంచి సాఫ్ట్‌బాల్ వాళ్లది. వివరాలు సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి.